తెల్లబడిన ఫిల్ము

వీధిలో పిల్లా పెద్దా అందరికీ అతను స్టూడియో బాబాయే. అక్క ఒక్కతే ‘ఒరేయ్’ అంటుంది, మేనకోడలు ‘మామయ్యా’ అంటుంది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అతనూ దానికోసం బెంగపెట్టుకోలేదు. తాళాలు చేసేవాడికీ, గడియారాలు బాగుచేసేవాడికీ మధ్య ఇరుక్కున్న ఆ ఫోటో స్టూడియోలో మీసాలు రాకముందే పనికి చేరాడు. ఓనరు పోయాక స్టూడియో అతని చేతికొచ్చింది. ఇప్పుడక్కడ కంప్యూటరూ, ప్రింటరూ ఉన్నాయి. పాస్‌పోర్టు ఫోటో కావాలంటే నిలబడ్డ పాటునే తీసి చేతిలో పెడతాడు. కానీ అతని జీవితంలో ముఖ్యమైనదంతా ముందు గదిలో కాదు, వెనకున్న చీకటి గదిలో జరిగింది.

ఆ గదిని చూస్తే నవ్వొస్తుంది. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు బయటికి రావలసిందే. ఒక పక్క తొట్టి, దాని మీద కొళాయి, గోడ నుంచి గోడకి ఒక తీగ, తీగకి బట్టల క్లిప్పులు, మూల ఫిల్ములు కడిగే మందుల సీసాలు. వెలుతురు దూరకుండా తలుపు సందుల్లో నల్లగుడ్డలు కూరి ఉండేవి. పై వాటాలో వాళ్ళు బట్టలు ఉతికితే ఇక్కడ కొళాయి సన్నబడేది. ఏళ్ళ తరబడి అందులో వంగి పనిచేసి, ఆరుబయట నడిచేటప్పుడు కూడా నెత్తికి ఏదో తగులుతుందన్నట్టే నడుస్తాడు. వేళ్ళ కొసలు మందులకి గోధుమరంగు తిరిగాయి. ఎంత తోమినా పోవు, తోమడం మానేశాడు.

మనిషి సరదా మనిషి. కెమెరా ముందు కర్రలా బిగుసుకుపోయిన వాళ్ళతో, “నవ్వకండి, ఈ కెమెరాకి నవ్వు అలవాటు లేదు” అనేవాడు మొహం సీరియస్‌గా పెట్టి. ఎంత మొండివాళ్ళైనా ఆ మాటకి పెదవి వదులు చేసేవాళ్ళు. ఒక్క బావ దగ్గరే అది పనిచేయలేదు.

బావ ప్రెస్సులో మిషను మీద పనిచేసేవాడు. గోళ్ళలో ఎప్పుడూ సిరా. నెమ్మదస్తుడు, మాట తక్కువ, కెమెరా అంటే మాత్రం పిల్లి స్నానానికి భయపడినట్టు భయపడేవాడు. అక్కనీ ఆయన్నీ కలిపింది ప్రేమ. అటు బావ తల్లికి ఇష్టం లేదు, ఇటు ఎవరికీ ధైర్యం లేదు. రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరు సాక్షుల ముందు సంతకాలు పెట్టి బయటికొచ్చేశారు. ఆ రోజు తమ్ముడు వేరే ఊళ్ళో పనిమీద ఉండిపోయాడు. ఫోటోగ్రాఫర్ అక్క పెళ్ళికి ఒక్క ఫోటో లేకపోవడం అంటే ఏం చెప్పాలి! బావది ఉన్నదల్లా ప్రెస్సు గుర్తింపు కార్డు మీది ఫోటో. అందులో ఆయన ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చూస్తుంటాడు. ఇద్దరూ కలిసి ఉన్నది ఒక్కటి కావాలని అక్క ఎన్నాళ్ళగానో పోరు. కడుపొచ్చాక ఆ పోరు ఇంకా పెరిగింది.

“రేపు పుట్టేది మీ అమ్మా నాన్నా ఎలా ఉండేవాళ్ళని అడిగితే ఏం చూపించను? కార్డు చూపించి వీడే అననా?” అంది ఒకరోజు. బావ ఇక తప్పించుకోలేకపోయాడు.

వచ్చారు ఒక మధ్యాహ్నం. వచ్చారంటే విడివిడిగా. అక్క ముందే వచ్చి, గోడమీది హంసల బొమ్మ ముందు బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తోంది. బావ ఆలస్యంగా, పరుగులాంటి నడకతో, జేబు మీద సిరా మరకతో వచ్చాడు.

“ఈ ఒక్కరోజైనా చొక్కా మార్చుకుని రాలేకపోయారా?” అంది అక్క.

“చొక్కాని చూసి చేసుకున్నావా, నన్ను చూసి చేసుకున్నావా?”

“రెండూ సరిగ్గా చూసుకోలేదు. అదే నా పొరపాటు.”

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ రోజు ఎందుకో ఇద్దరికీ గుచ్చుకుంది. బల్ల మీద ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఎడం. “కాస్త దగ్గరికి జరగండి” అన్నాడు తమ్ముడు. జరిగారు. జోకు వేశాడు, ఎవరూ నవ్వలేదు. ఒక బేరానికి ఒకే క్లిక్కు అన్నది ఓనరు పెట్టిన రూలు. అక్కని కూడా ఆ రూలు ప్రకారమే ఒక్కసారి తీశాడు. బావ బల్ల మీంచి లేస్తూనే, “అయిందా? మిషను ఆపి వచ్చాను” అని వెళ్ళిపోయాడు. అక్క కోసం ఆగలేదు. ఆమె ఒక్కతే ఇంటికి నడిచి వెళ్ళింది.

రీలు నిండితే గానీ కడగకూడదన్నది ఇంకో రూలు. బావా అక్కా ఉన్న ముక్క తరువాత ఇంకా ఖాళీ ఉంది. ఎవరో ఒకరిద్దరు వచ్చి తీయించుకున్నారు, ఇంకా మిగిలింది. ఆ రీలు అలా కెమెరాలోనే ఉండగా, ప్రెస్సులో మిషను పక్కన బావ ఉన్నట్టుండి గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదు.

ఆ తరువాత జరిగిన ఏడుపులూ, వచ్చిపోయిన మనుషులూ అతనికి సరిగ్గా గుర్తులేవు. ఒక్కటే గుర్తుంది. మర్నాడు అక్క అతన్ని పక్కకి పిలిచింది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

“సాయంత్రం బండికి అత్తగారు వస్తున్నారట. ఆవిడ ఇంతవరకూ నా మొహం చూడలేదు. కొడుకు నాతో ఉన్నట్టు ఒక్క గుర్తు కూడా లేదు ఆవిడకి చూపించడానికి. ఆ ఫోటో తెచ్చిపెట్టరా. మేమిద్దరం కూర్చున్నది.”

“తెస్తానక్కా” అన్నాడు. ఇంకేమనగలడు?

ఓనరు రూలు పక్కన పెట్టి, నిండని రీలుని అలాగే తీసి కడిగాడు. మందులోంచి తీసి తడి ఫిల్ముని బల్బుకి అడ్డంగా పట్టుకుని చూస్తే ప్రాణం లేచొచ్చింది. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా తిరగబడి, అక్కా బావా బల్ల మీద ఉన్నారు. గీత లేదు, మరక లేదు. ఇక ఆరబెట్టడమే తరువాయి. అక్కడే వచ్చింది చిక్కు.

కడిగిన ఫిల్ము మామూలుగా ఆరాలంటే పొద్దు వాలాలి. ఆరకుండా ప్రింటు తీస్తే ఫిల్ము మీద బొమ్మ ఉండే పొర అంటుకుని నాశనమవుతుంది. తొందర ఉన్నప్పుడు స్టూడియోల్లో ఒక కిటుకు ఉండేది. స్పిరిట్‌లో కొంచెం నీళ్ళు కలిపి, తడి ఫిల్ముని అందులో ముంచి తీస్తే, స్పిరిట్ పొరలో ఉన్న నీటిని లాగేసి తనూ ఎగిరిపోతుంది. చూస్తుండగానే ఆరిపోతుంది. నీళ్ళు కలపడం అందులో ముఖ్యం. అది అతనికి తెలియనిదేం కాదు. కానీ ఆ మధ్యాహ్నం అతని చేతులు అతని మాట వింటే కదా. స్పిరిట్ ఎంత చిక్కగా ఉంటే అంత త్వరగా ఆరుతుందనిపించింది. సీసాడూ పళ్ళెంలో ఒంపేసి, ఒక్క చుక్క నీళ్ళు కలపకుండా ఫిల్ము ముంచేశాడు.

ముంచిన కాసేపటికే తెల్లబడటం మొదలుపెట్టింది. అంచుల నుంచి లోపలికి, అద్దం మీద మజ్జిగ పోసినట్టు. గబుక్కున పైకి తీశాడు. తీసినా ఆగలేదు. బల్బుకి పెట్టి చూస్తే ఎక్కడా మనిషి జాడ లేదు, ముక్క ముక్కా తెల్లటి గాజుపెంకులా ఉంది.

పక్కనే కొళాయి ఉంది. చెయ్యి చాస్తే నీళ్ళు. కానీ ఆ వృత్తిలో అందరూ నమ్మే మాట ఒకటుండేది, స్పిరిట్ తగిలిన ఫిల్ముని మళ్ళీ నీళ్ళలో వేస్తే పొర ఊడి లేచిపోతుందని. ఓనరు చెప్పాడు. ఓనరుకి ఆయన పని నేర్పినవాడు చెప్పాడు. ఎవరైనా వేసి చూశారా అంటే లేదు, అందరూ పారేసినవాళ్ళే. ఇతనూ అంతే చేశాడు. ఓనరు భోజనం నుంచి వచ్చేలోగా ఎవరి కంటా పడకూడదని ఫిల్ముని చుట్టచుట్టి, వాడేసిన కాగితాల కింద చెత్తబుట్టలో కుక్కాడు. చెత్త బండి వచ్చి పట్టుకుపోయింది.

ఆ రీలులో ఉన్న మిగతా వాళ్ళని మళ్ళీ పిలిచి మళ్ళీ కూర్చోబెట్టాడు. విసుక్కుంటూనే వచ్చి కూర్చున్నారు. బావని మాత్రం ఎక్కణ్ణుంచి పిలుస్తాడు?

వట్టి చేతులతో ఇంటికెళ్ళాడు. నేనే పాడుచేశానక్కా అని చెప్పేద్దామనుకునే గుమ్మం ఎక్కాడు. అక్క అతని చేతుల వైపు చూసింది. ఆ చూపుకి అతను తట్టుకోలేకపోయాడు.

“ఫోటో రాలేదక్కా” అన్నాడు. “అంతా మసగ్గా అలుక్కుపోయింది. బావ కదిలాడు.”

నోరు జారిందంటే ఇదీ. అనాలని అనుకున్న మాట కాదు, ముందుగా అల్లిన అబద్ధమూ కాదు. స్టూడియోలో రోజూ అనే మాట. ఫోటో చెడిపోతే, మీరు కదిలారండీ అని బేరగాళ్ళ మీదికి తోసెయ్యడం నాలిక్కి అలవాటైపోయింది. బేరగాడైతే పోట్లాడతాడు. చచ్చిపోయినవాడు ఏమంటాడు?

అక్క అతని చేతుల మీంచి చూపు తిప్పుకుంది. తరువాత మెల్లగా, “లేచి వెళ్ళిపోవాలనే ఉండుంటుంది ఆయనకి” అంది. “నేనే బలవంతాన కూర్చోబెట్టాను.”

అప్పుడైనా చెప్పాల్సింది. కాదక్కా, ఆయన కదల్లేదు అని ఒక్క మాట. నోట్లో నీళ్ళు నములుతూ నిలబడ్డాడు. ఇంతలో అత్తగారు వచ్చారు, ఏడుపులు మళ్ళీ మొదలయ్యాయి, చెప్పే సందు పోయింది. సందు పోయిందని అతను అనుకున్నాడు గానీ, ఆ తరువాత ఎన్ని సందులు వచ్చాయో, అన్నీ ఎలా పోనిచ్చాడో చూస్తే ఈ మనిషిని పట్టుకుని ఝాడించాలనిపిస్తుంది.

పాప పుట్టింది. అతను స్టూడియో దగ్గరి గది ఖాళీ చేసి అక్క ఇంటి మీది గదిలోకి మారాడు. పాపని బడికి దింపడం, జ్వరమొస్తే ఎత్తుకుని తిరగడం, లెక్కలు చెప్పించడం, అన్నీ అతనే. పెళ్ళి మాట ఎత్తితే చేత్తో ఈగని తోలినట్టు తోలేసేవాడు. అక్కకోసం ఎంత త్యాగం చేశాడో చూడండని వీధంతా మెచ్చుకుంది. ఆ మెప్పు విన్నప్పుడల్లా అతనికి ఒంటి మీద తేళ్ళు, జెర్రులూ పాకినట్టుండేది. త్యాగం లేదు, గీగం లేదు. చెప్పలేని మాటకి బదులు చాకిరీ చేసుకుంటున్నాడు.

అక్క కుట్టుపని పెట్టుకుంది. బడి పిల్లల యూనిఫారాలు. మిషను తొక్కుతూ వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేది. మొదట్లో మొగుడి మాటొస్తే నవ్వుతూనే అనేది, “ఫోటోకైనా నా పక్కన కుదురుగా కూర్చున్నాడా మహానుభావుడు” అని. ఏళ్ళు గడిచేకొద్దీ నవ్వు తగ్గి, మాట మిగిలింది. ఆ చివరి పూట చొక్కా గురించి తను అన్న మాటకి మనసు విరిగి, పక్కన కూర్చోవడం కూడా ఇష్టం లేక ఆయన కదిలాడని ఆమెకి ఖాయమైపోయింది. కూతురు నాన్న ఎలా ఉండేవాడమ్మా అని అడిగితే, “ఆయన ఒక చోట నిలిచే మనిషి కాదు” అని తేల్చేసేది. ప్రెస్సు కార్డు మీది దొంగ చూపుల ఫోటో గోడకి తగిలించనివ్వలేదు. తనూ ఇంకెప్పుడూ ఫోటో దిగలేదు. కూతురు చదువు పూర్తయిన రోజున అందరూ వరసగా నిలబడితే, ఆమె తమ్ముడి వెనక్కొచ్చి నిలబడింది. “నువ్వు తియ్యరా. ఫోటోలు నాకు అచ్చిరావు.”

కెమెరా కన్నంలోంచి చూస్తూ అతను ఏడ్చాడు. కెమెరా వెనక ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు కాబట్టి సరిపోయింది.

మేనకోడలు రసాయనశాస్త్రం చదివి, ఒక ల్యాబులో ఉద్యోగంలో చేరింది. గాయాల మీద కట్టే మెత్తటి జెల్ పట్టీలు తయారుచేసే చోటు. తెలివైన పిల్ల, వాగుడుకాయ, తల్లి నోరు వచ్చింది. బావలా కింది పెదవి మీద వేలు పెట్టుకుని ఆలోచిస్తుంది. అది చూసినప్పుడు మాత్రం మామయ్య వేరే వైపు తిరుగుతాడు.

ఈమధ్య ఆ ల్యాబు వాళ్ళకి గోడకి పెట్టుకోవడానికి పెద్ద పెద్ద ఫోటోలు కావలసొచ్చాయి. “మా మామయ్య ఉన్నాడుగా” అని ఇతన్ని లాక్కెళ్ళింది. తెల్లటి బల్లలు, గాజు గిన్నెలు, గుయ్‌మనే ఫ్యాన్లు. ఇతను కెమెరా స్టాండు నిలబెట్టుకుంటూ వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుంటున్నాడు. మేనకోడలు ఒక గిన్నెలోంచి బిళ్ళ ఒకటి తీసి చేతిలో పెట్టింది. మంచుముక్కలా తేటగా, చేప వీపులా జారుతూ ఉంది.

“ఇందులో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే మామయ్యా. మిగతాది పాలిమరు. పాలిమరంటే ఏదో అనుకోకు, పూసల దండలాంటిది. కాకపోతే చాలా పొడుగు, కంటికి ఆనదు. ఇప్పుడు చూడు, గమ్మత్తు చేస్తా. ఫోటో తీసుకో.”

బిళ్ళని పక్క గిన్నెలో వేసింది. ఆ గిన్నెలోంచి వచ్చిన వాసనకి అతని చెయ్యి కెమెరా మీద ఆగిపోయింది. స్పిరిట్.

బిళ్ళ అంచులు తెల్లబడ్డాయి. తెలుపు లోపలికి పాకింది. బిళ్ళ ముడుచుకుని, చిన్నదై, సుద్దముక్కలా తయారైంది. అతను క్లిక్కు నొక్కలేదు.

“చూశావా? నీళ్ళంటే ఈ దండకి ఇష్టం. నీళ్ళలో ఉంటే ఒళ్ళు విరుచుకుని చాచుకుంటుంది. స్పిరిట్ అంటే పడదు. గిట్టనివాళ్ళింటికి వెళ్ళినట్టు ముడుచుకుని తన చుట్టూ తనే చుట్టుకుంటుంది. ఇలా అక్కడక్కడా గడ్డకట్టేసరికి వెలుతురు సూటిగా దూరదు. అందుకే తెలుపు.”

“పాడైపోయినట్టే కదా” అన్నాడు.

“పాడెందుకవుతుంది?” అని ఆ సుద్దముక్కని తీసి మంచినీళ్ళ గిన్నెలో వేసింది. “ఆగు, టైము పడుతుంది. ఈలోగా టీ తాగుదాం.”

టీ అతనికి సహించలేదు. ఆమె మాత్రం చెబుతూనే ఉంది. ఆ పిల్లకి వినేవాడు దొరికితే చాలు.

“అసలు తమాషా గుంపులో ఉంటుంది మామయ్యా. గిన్నెడు నీళ్ళలో దండ ఒక్కటే ఉందనుకో, తన కాలు తనకి తగలకుండా బారుగా చాచుకుంటుంది. అదే కిక్కిరిసిన చోటైతే ఎటు చాచినా ఎవరో ఒకరు తగులుతారు. తనదైతేనేం, పక్కదైతేనేం. ఇంక చాచుకుని లాభమేంటని సర్దుకుని మామూలుగా కూర్చుంటుంది. పక్కన బండవాళ్ళు చేరితే ఇంకా నలిగి చిన్నదవుతుంది. మన సిటీ బస్సే అనుకో.”

“మరి ఆ ముడుచుకున్నవి?”

“అదే చెబుతున్నా. ఒంటరి దండని స్పిరిట్‌లో వేస్తే ఉండచుట్టుకుని అడుక్కి పోతుంది, ఇంక దొరకదు. ఈ బిళ్ళలో ఉన్నవి ఒంటరివి కావు. ఒకదానిలో ఒకటి చిక్కుపడి, మధ్యమధ్య ముడులు పడి ఉన్నాయి. ముడుచుకున్నా ఏదీ తన చోటు వదిలి పోదు, పక్కవి పోనివ్వవు. మళ్ళీ నీళ్ళు దొరికాయనుకో, ఎక్కడిది అక్కడే విప్పుకుంటుంది.”

వెళ్ళి చూసేసరికి గిన్నెలో బిళ్ళ తేటపడింది. నడిమధ్య కొంచెం మబ్బులా ఉంది, చూస్తుండగా అదీ పోయింది. మేనకోడలు దాన్ని తీసి కిటికీకి అడ్డంగా పట్టుకుంది. అందులోంచి బయట రోడ్డూ, కరెంటు స్తంభమూ కనిపించాయి.

అతను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. “మా పాత ఫిల్ముల మీది పొర ఉండేది చూడు. అది కూడా ఇలాంటిదేనా?”

“జెలటిను. అచ్చం ఇదే తంతు.”

“అందులో బొమ్మ ఉంటుంది కదా. వెండి నలుసులు. అవి చెదిరిపోవూ?”

“చెదరవు. ఆ చిక్కుల మధ్య ఇరుక్కుని ఉంటాయి, ఎక్కడికి పోతాయి? అలా తెల్లబడ్డ ఫిల్ము ఏదైనా ఉందా నీ దగ్గర? పట్టుకురా, నీళ్ళలో వేసి చూద్దాం. నాకూ సరదాగా ఉంటుంది.”

“లేదమ్మా” అన్నాడు.

కింది పెదవి మీద వేలు పెట్టుకుని ఆమె అతని మొహంలోకి చూసింది. “ఏంటి మామయ్యా, అలా అయిపోయావు? ఒంట్లో బాలేదా?” అతను ఎండ అన్నాడు, ఆకలి అన్నాడు, ఏదో అన్నాడు. వాళ్ళకి కావలసిన ఫోటోలు ఎలాగో తీసి ఇచ్చి బయటపడ్డాడు. ఆ పిల్లకే ముందు చెప్పేద్దామని ఒక క్షణం అనిపించిన మాట నిజం. కానీ ఆ మాట మొదట వినవలసిన మనిషి వేరే ఉంది.

ఇంతకాలం అతను బావ ఫోటోని తనే చంపేశానని ఏడ్చేవాడు. చచ్చినదాన్ని పారేశానుకదా అని అందులోనే ఒక మూల ఊరట కూడా వెతుక్కునేవాడు. ఇప్పుడు ఆ మూల కూడా లేకుండా పోయింది. బావా అక్కా చెత్తబుట్టలో పడేనాటికి ఫిల్ములో భద్రంగానే ఉన్నారు, పక్కపక్కనే, ఒక్క నలుసు కూడా కదలకుండా. కావలసిందల్లా తొట్టిలో నీళ్ళు. కొళాయికి అతను ఎంత దూరంలో నిలబడ్డాడో తలుచుకుంటే, ఆ చేతిని నరుక్కోవాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి అక్క మిషను ముందు కూర్చుని కాలర్లు కుడుతోంది. అతను బూట్లు కూడా విప్పకుండా ఆమె ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

“ఏరా, అప్పుడే వచ్చేశావు? ఫోటోలు బాగా వచ్చాయా?”

“అక్కా, మిషను ఆపు.”

ఆపింది. అతని గొంతు అలాంటిది మరి.

చెప్పాడు. స్పిరిట్ సంగతి, తెల్లబడిన సంగతి, చెత్తబుట్ట సంగతి. ఇవాళ ల్యాబులో చూసింది కూడా చెప్పాడు, తనని తను కొంచెం కూడా వెనకేసుకు రాకుండా. “బావ కదల్లేదక్కా. నేనే అబద్ధం చెప్పాను. ఫోటో శుభ్రంగా వచ్చింది. ఇద్దరూ వచ్చారు. నేను పాడుచేశాను. పాడైందనుకుని పారేశాను. పాడు కూడా కాలేదు.”

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. అక్క చేతిలో ఉన్న కాలరు ముక్కని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

“కదల్లేదా?”

“కదల్లేదు.”

“ఇన్నేళ్ళూ తిట్టాన్రా ఆయన్ని” అంది. “పొద్దున్న లేస్తే తిట్టాను. పిల్లకి కూడా తిట్టే నేర్పాను. నాన్నంటే నిలకడ లేని మనిషని చెప్పి పెంచాను.”

అతను తల వంచుకున్నాడు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. కాసేపటికి అక్క ముందుకి వంగింది. ఆ గొంతులో కోపం లేదు. పెళ్ళైన కొత్తల్లో బావ ఇంటికొచ్చే వేళకి గుమ్మంలో నిలబడేటప్పుడు ఉండే గొంతులా ఉంది. అతనికి అదే ఎక్కువ భయం వేసింది.

“నువ్వు చూశావు కదరా ఆ ఫోటో. నువ్వొక్కడివే చూశావు. ఆయన ఎటు చూస్తున్నాడు? నా వైపు చూస్తున్నాడా?”

అతను నోరు తెరిచాడు. కళ్ళు మూసుకుని, ఆ బల్బునీ, ఆ తడి ఫిల్మునీ ఎదురుగా తెచ్చుకున్నాడు. బావ చొక్కా గుండీల అంచు స్పష్టంగా వచ్చింది. అది గుర్తుంది. ఫోటో బాగా వచ్చిందా లేదా చూడటానికి అతను ఎప్పుడూ గుండీల అంచునే చూసేవాడు. అక్క చెవి పోగు మెరుపు వచ్చింది. బల్ల కాలు వచ్చింది. బావ మొహం ఉండాల్సిన చోట అతనికి ఏమీ కనిపించలేదు, ఎందుకంటే అప్పుడు అటు చూడలేదు. మసక లేదని తేలగానే తొట్టివైపు తిరిగిపోయాడు.

“చూళ్ళేదక్కా” అన్నాడు. “మసక ఉందో లేదో చూశానంతే. మొహాలు చూళ్ళేదు.”

అక్క అతని చెయ్యి పట్టుకుంది. గోధుమరంగు వేళ్ళని తన రెండు చేతుల్లోకీ తీసుకుని బతిమాలుతున్నట్టు నొక్కింది.

“పోనీ అబద్ధమే చెప్పరా” అంది. “నా వైపే చూస్తున్నాడని చెప్పు.”

అంత తేలిగ్గా ఆ రోజు బావ కదిలాడని చెప్పినవాడికి, ఇప్పుడు ఆ ఒక్క మాట నోటికి రాలేదు.